పందిట్లో రాని తుమ్ములు గిన్నెల దగ్గర ఎందుకొచ్చాయి?

పేరు, వీధి వేయొద్దని కోరుతూ ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు 34 ఏళ్ళు. పుట్టిల్లు భీమిలి. పదకొండేళ్ళుగా పర్లాకిమిడిలో అత్తగారు, బావగారు, తోడికోడలితో ఉమ్మడి కాపురం. భర్తకు బజారులో చిన్న కొట్టుంది. పెళ్ళయిన మూడో ఏడు నుంచి ప్రతి సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఉగాది దాటేదాకా తుమ్ములు, కళ్ళ దురద, ధారగా ముక్కు కారడం. "ఒకసారి వరసగా ముప్పై రెండు తుమ్ములు లెక్కపెట్టింది మా అమ్మాయి" అని రాశారు. తుమ్ములకన్నా ఇంట్లో ఎవరూ నమ్మకపోవడమే ఎక్కువ కష్టంగా ఉందట.

ఎందుకు నమ్మరో కూడా ఆమే రాశారు. పోయిన ఫాల్గుణంలో బావగారి కూతురి ఓణీల ఫంక్షన్ జరిగింది. ముందు రాత్రి వాన పడి పందిరి తడిసి ముద్దయితే తెల్లారి మళ్ళీ కట్టుకున్నారు. ఆ రోజంతా రెండు వందల మంది చుట్టాల మధ్య ఈమె పరుగులు పెడుతూ తిరిగారు, ఒక్క తుమ్ము లేదు. మూడో రోజు ఉదయం పది గంటలకు పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు వేసుకుని కూర్చోగానే మొదలయ్యాయి, ఆగలేదు. ఇంకా వెళ్ళని చుట్టాల ముందే అత్తగారు "పందిట్లో రాని తుమ్ములు గిన్నెల కాడికొచ్చేసరికి ఎలాగొచ్చాయే?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు గురించి ఉత్తరంలో ఒక పేజీ ఉంది.

భీమిలి వెళ్తే రెండో రోజుకే తగ్గిపోతుంది. "పుట్టింటి గాలికి అన్ని రోగాలూ పోతాయి" అంటుంది తోడికోడలు. కిటికీలన్నీ మూసుకుని కూర్చున్నా సాయంత్రం తుమ్ములు వస్తాయి. అన్నిటికన్నా విచిత్రం, ఉగాది వెళ్ళిన పది రోజులకు సాయంత్రం గాలివాన లేస్తే ఇంటిల్లిపాదీ చల్లగాలికి వాకిట్లోకి వచ్చారు. ఈమెకు మాత్రం గుండె పట్టేసినట్టయి, ఊపిరి వదులుతుంటే పిల్లికూతలు వినబడ్డాయి. రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళి మాస్కు పెట్టి మందు పొగ పట్టించారు. "దుమ్మనీ పుప్పొడనీ అంటావు, వాన పడితే అవి అణగాలి కదా, నీకు వానకే ఎక్కువైందేమిటి?" అని భర్త అడిగితే జవాబు చెప్పలేకపోయారు.

పెరట్లో కాలం చేసిన మావగారు నాటిన మామిడి చెట్టుంది. పూత వచ్చే రోజులూ తన బాధ మొదలయ్యే రోజులూ ఒకటే కాబట్టి అది కొట్టించమని అడిగారు. పదిహేను రోజులు ఇంట్లో మాటల్లేవు. సెట్రిజిన్ మాత్ర వేసుకుంటే మత్తుగా ఉండి పొద్దున్న లేవలేక మాటలు పడుతున్నారు. ఏటా ఒక ఇంజెక్షన్ చేయించుకుంటున్నారు, దాంతో నెల రోజులు హాయి. ఒడియా సరిగ్గా రాదు. డాక్టరు దగ్గర భర్తే మాట్లాడతారు, ప్రతిసారీ "జలుబు" అనే చెబుతారు.

ఆమె అడిగినవి మూడు: ఇదంతా నా మనసులోనే ఉందా? చెట్టు కొట్టించాలా? ఆ రెండు నెలలూ పిల్లల్ని తీసుకుని భీమిలి వెళ్ళిపోవాలా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, తుమ్ములొచ్చిన ప్రతి చోటా ఆ రోజు ఎండా వానా గాలీ ఎలా ఉన్నాయో పక్కన రాసుకుంటూ చదివాను. ఇంట్లోవాళ్ళు మీమీద వేస్తున్న నాలుగు సాక్ష్యాలూ మీ తరఫునే మాట్లాడుతున్నాయి. ఫంక్షన్ ముందు రాత్రి వాన పడిందని మాటవరసకు రాసేశారు చూడండి, కేసు అక్కడే తిరిగిపోయింది.

మీ లక్షణాలు చూస్తే ఇది పుప్పొడి పడకపోవడం, అంటే అలర్జీ, అనిపిస్తోంది. కొన్ని చెట్లు పుప్పొడిని గాలికే వదిలేస్తాయి. వాటి పూలల్లో ఆ పొడి చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు తిత్తి నోరు విప్పదు. ఎండ తగిలి దాని గోడ ఆరినప్పుడే చిట్లుతుంది. మీ వైపు పెసలు, మినుములు మంచు ఆరకముందే కోస్తారు కదా, ఎండెక్కితే కాయ చిట్లి గింజ నేలపాలవుతుందని. పుప్పొడి తిత్తిదీ అదే పద్ధతి. అందుకే చలికాలపు తెల్లవారుజామున, మంచు బొట్లు బొట్లుగా కారుతున్నప్పుడు, చెట్టు నిండా పూత ఉన్నా గాలిలోకి కొత్తగా వచ్చే పొడి తక్కువ. తొమ్మిదింటికి మంచు ఆరుతుంది, కాస్త గాలి లేస్తుంది, ఇక అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా చెట్లకు పంపకాల వేళ.

ఇప్పుడు మీ ఫంక్షన్ చూద్దాం. ముందు రాత్రి వాన అప్పటిదాకా గాలిలో తేలుతున్న పొడిని కడిగేసింది. పుప్పొడి రేణువులు కొంచెం పెద్దవి కాబట్టి గట్టి వాన చినుకులకు బాగానే చిక్కుతాయి, సన్న తుంపర అంతగా పనిచేయదు. నేల తడిసింది కాబట్టి కిందపడ్డది మళ్ళీ లేవలేదు. కొమ్మల మీది తిత్తులు తడిసి ముడుచుకున్నాయి. ఆ రోజు మీరు తిరిగింది కడిగిన గాలిలో. రెండో రోజుకల్లా ఎండ కాసింది. మూడో రోజు పొద్దున మీరు గిన్నెల ముందు కూర్చునే వేళకు, తడికి ఆగిపోయిన తిత్తులూ ఆ రోజు విచ్చుకోవలసినవీ కలిసి ఒకేసారి చిట్లి ఉంటాయి. వాన వెలిసిన మర్నాడో ఆ మర్నాడో, పొడి ఎండా గాలీ కలిసిన పూట, ఈ బాధ ఉన్నవాళ్ళకు చెడ్డ పూట. మీరు గిన్నెలు తోమకుండా అదే చోట పీట వేసుకుని పేకాడుతున్నా తుమ్ములు వచ్చేవే. ఈ మాట అత్తగారికి ఇలాగే చెప్పమనడం లేదు.

మూసిన కిటికీల సంగతికి వద్దాం. గాలిలో తిరిగే పుప్పొడి రేణువు సాధారణంగా 20 నుంచి 40 మైక్రాన్లుంటుంది. తల వెంట్రుక మందంలో మూడో వంతో సగమో అనుకోండి. కదలని గాలిలో అది సెకనుకు సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా దిగుతుంది. పది మీటర్ల ఎత్తు కొమ్మ నుంచి నేలకు రావడానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఆ లోపు చిరుగాలి వీచినా కిలోమీటరు, కిలోమీటరున్నర దాటిపోతుంది. మధ్యాహ్నం నేల కాలి వేడిగాలి పైకి లేస్తుంటే అసలు కిందికే దిగదు, ఇంకా పైకి పోతుంది. ఇంగ్లండులో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరు, ఆయనకూ ఈ తుమ్ముల జబ్బే, గాలిపటాలకు జిగురు పూసిన గాజు పలకలు కట్టి ఎగరేశాడు. వెయ్యి అడుగుల పైన కూడా పుప్పొడి అంటుకుని వచ్చింది. ఆ ఫలితాలు అచ్చయింది 1873లో. మన ఇళ్ళలో మాత్రం ఇప్పటికీ పెరట్లో చెట్టునే పట్టుకుని కొడుతున్నాం.

అలా పైకి పోయినది పొద్దు వాలాక, గాలి చల్లబడి కదలిక తగ్గాక, దిగడం మొదలెడుతుంది. పర్లాకిమిడి చుట్టూ కొండలే కదా. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట పల్లంలోకి జారుతుంది, చలికాలంలో అది మూతపెట్టినట్టు ఊరి మీద నిలుస్తుంది. పొగ నేలబారుగా పరుచుకోవడం చూసే ఉంటారు, సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు. దిగివచ్చిన పుప్పొడి కూడా అందులోనే ఉంటుంది.

అయినా మీ సాయంత్రపు తుమ్ములకు నేను అనుమానించేది కిటికీ కాదు, బట్టల మూట. "ఆరింటికి డాబా మీద బట్టలు తీసి, గదిలో మంచం మీద పోసి, తలుపులేసుకుని మడతపెడతాను" అని నాలుగో పేజీలో రాశారు. పొద్దుటి నుంచి డాబా మీద ఆరిన దుప్పట్లు, చీరలు జల్లెడలా గాలిని పట్టాయి. తడిగా ఉన్నప్పుడు ఇంకా బాగా పడతాయి. వాటిని తెచ్చి మూసిన గదిలో మీరు ఒక్కొక్కటీ దులిపి మడతపెడుతున్నారు. రోజంతా బయట తిరిగినదాన్ని గదిలోకి పిలిచి తలుపు గొళ్ళెం పెట్టినట్టే. ఆ తర్వాత అదే దుప్పటి మీద పడుకుంటున్నారు.

భీమిలి మాట తేలికే. మధ్యాహ్నానికి అక్కడ సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, సముద్రం మీద చెట్లు లేవు. పైగా అక్కడి చెట్లు వేరు. సముద్రపొడ్డున సరుగుడు తోటలున్నాయి, దానిదీ గాలి పుప్పొడే, ఏడాదికి రెండుసార్లు పూస్తుంది. అది పడనివాళ్ళు భీమిలిలో తుమ్మి పర్లాకిమిడిలో తేలికపడతారు. మీ తోడికోడలిది సరదా మాటే అయినా, పుట్టింటి గాలి అన్నది మాత్రం అక్షరాలా నిజం.

ఒక ఏడు బాగా, ఒక ఏడు తక్కువగా ఎందుకుంటుందని ఉత్తరం చివర అడిగారు. వెనకటి వానాకాలం బాగుండి చెట్టుకు సత్తువ చేరితే సాధారణంగా పూత ఎక్కువ. చలి త్వరగా విరిగితే పూత ముందుకు జరుగుతుంది. పూత నిండుగా ఉన్నప్పుడు నాలుగు అకాల వానలు పడితే ఆ ఏడు మీరు బతికిపోతారు.

ఇక గాలివాన. ఇక్కడ నా గొంతు కాస్త మారుతుంది, ఏమీ అనుకోకండి.

మీ వారి ప్రశ్న తెలివైనదే. మామూలు వాన పుప్పొడిని అణుస్తుంది. కానీ ఉరుములతో వచ్చే గాలివాన నడక వేరు. వాన కన్నా ముందు మేఘం నుంచి చల్లగాలి దబ్బున కిందికి పడి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది. మీరంతా వాకిట్లోకి వచ్చి ఆస్వాదించిన గాలి అదే. అది దారిలో ఉన్న దుమ్మునూ పుప్పొడినీ ఊడ్చుకుంటూ మనిషి ఎత్తులో తోసుకొస్తుంది. తేమ తగిలిన పుప్పొడి రేణువు నీళ్ళు పీల్చి ఉబ్బి పగులుతుంది, లోపలున్నది తునకలై బయటపడుతుంది. నిండు రేణువును ముక్కు చాలావరకు ఆపేస్తుంది, అందుకే తుమ్ములు. ఈ తునకలు మైక్రాన్లలో ఒకటీ రెండే ఉంటాయి, ముక్కు దాటి ఊపిరితిత్తుల గొట్టాల్లోకి పోతాయి. అప్పుడు తుమ్ములు రావు, పిల్లికూతలు వస్తాయి.

2016 నవంబర్ 21 సాయంత్రం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇలాంటి గాలివానే వస్తే, ఆ రాత్రి, మర్నాడు వేలమంది ఊపిరాడక ఆస్పత్రులకు పరుగెత్తారు. పది మంది చనిపోయారు. అక్కడి పుప్పొడి ఒక రకం గడ్డిది, చెట్లది కాదు. ఆ వచ్చినవాళ్ళలో చాలామందికి అంతకుముందు ఉబ్బసం అని ఎవరూ చెప్పలేదు, ఏటా వచ్చే తుమ్ములే ఉండేవి. ఈ ఒక్క వాక్యం మీవారికి చదివి వినిపించండి.

మీకు జరిగింది అదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చకూడదు. గాలివానతో బూజు రేణువులు కూడా లేస్తాయి, అవీ ఊపిరి పట్టేస్తాయి. కానీ పిల్లికూతలు ఒకసారి వచ్చాయంటే అది ఇక జలుబు లెక్కలోకి రాదు. ఉబ్బసం మొదలైందేమో ఊపిరితిత్తుల డాక్టరు చూడాలి, ఊది చూసే పరీక్ష చేయించాలి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మీ ఇష్టానికి వదులుతాను. ఇది మాత్రం వదలను. పోయినసారి జరిగింది చీటీ మీద రాసుకుని వెళ్ళండి: ఏ తేదీ, ఎంతసేపు, ఊపిరి వదిలేటప్పుడు ఈల లాంటి శబ్దం, మాట్లాడటానికి ఆయాసం, మాస్కు పెట్టాక ఎంతసేపటికి తగ్గింది. దాన్ని ఒడియాలో రాయించుకోండి, స్కూల్లో ఒడియా చదువుతున్న మీ అమ్మాయే రాసిపెట్టగలదు. మీవారు మంచివారే, కాదనను. కానీ ఆయన నోట్లో పిల్లికూతలు కూడా జలుబైపోతున్నాయి. ఈలోగా మళ్ళీ అలా వస్తే, ఒక్క గుక్కలో వాక్యం పూర్తిచేయలేకపోతే, పెదాలు నీలంగా అయితే, తెల్లారనివ్వకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం ఉరుము వినబడితే అందరూ బయటికి వచ్చినా మీరు లోపలికి వెళ్ళి తలుపు వేసుకోండి. వాన నిలకడగా పట్టాక రావచ్చు.

ఇప్పుడు మామిడి చెట్టు. మీరు వినాలనుకున్నది ఇది కాకపోవచ్చు గానీ, ఆ చెట్టు నిర్దోషి అని నా అనుమానం. మామిడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, ఈగలూ పురుగులూ మోసుకుపోతాయి, గాలిలో దూరం పోదు. పూత కింద కూర్చుంటే రాలి మీద పడవచ్చు. ఆ ఘాటు వాసనకు అప్పటికే పచ్చిపుండులా ఉన్న ముక్కు చిరచిరలాడవచ్చు. అంతవరకే. కంటికి కనబడే పూత, ముక్కుకు తగిలే వాసన ఉన్న చెట్టు పురుగుల్ని పిలుస్తోందని అర్థం. గాలిని నమ్ముకున్న చెట్టుకు రంగూ వాసనా అక్కర్లేదు. అది పూసిందని కూడా మనకు తెలీదు.

మీ వైపు నెమలినార చెట్టు చూసే ఉంటారు. కాలవ గట్ల మీద, కొండ మొదళ్ళలో ఉంటుంది. బూడిదరంగు బెరడు, ఆకు నలిపితే చెడు వాసన. సంక్రాంతి రోజులకు ఆకంతా రాల్చి మోడులా నిలబడుతుంది. చచ్చిన చెట్టనుకుంటాం. దగ్గరికెళ్ళి కొమ్మ వంచి చూస్తే కణుపు కణుపుకూ ఆకుపచ్చా గోధుమా కలిసిన చిన్న చిన్న గుత్తులుంటాయి, ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. అవే పూలు. ఆకు అడ్డం లేదు కాబట్టి వచ్చిన గాలి వచ్చినట్టు పొడి దులుపుకుపోతుంది. తర్వాత గుండ్రటి పల్చటి రెక్కల కాయలు గుత్తులుగా వేలాడతాయి, పిల్లలు ఒలిచి గింజ తింటారు. మన దేశంలో పడిశం, ఉబ్బసం తెచ్చే చెట్ల పుప్పొడిలో ఇది పేరున్నది. మీ మొదటి నెలా నెలన్నర దీని కాలంతో సరిపోతోంది. ఉగాది నాటికి దీని పూత అయిపోతుంది కాబట్టి ఆ గాలివాన నాటిది మరొకటి కావచ్చు. ఒకటికి మించి పడకపోవడం మామూలే.

ఇంకో మాట. ఏప్రిల్లో బూరుగు దూది గాలిలో తేలుతుంటే అదే పుప్పొడి అనుకుని నేను ఒక ఎండాకాలమంతా పక్కింటివాళ్ళ చెట్టును తిట్టుకున్నాను. అది గింజల దూది, ముక్కుకు దానితో పనిలేదు. కంటికి కనబడినదాన్ని అనుమానించడం మనందరికీ ఉన్న అలవాటే.

కాబట్టి మామిడిని కొట్టిస్తే ఏమవుతుందంటే, మీ తుమ్ములు అలాగే ఉంటాయి, ఎదురుగా మొద్దు ఉంటుంది. వచ్చే మాఘంలో మొదటి తుమ్ముకే అత్తగారు ఆ మొద్దు వైపు చూస్తారు. పరీక్షలో మామిడే అని తేలితే అప్పుడు పూత రోజుల్లో ఆ చెట్టు కింది పనులు మానుకోవచ్చు, కొట్టడం ఆఖరు మాట. సరే, నెమలినారలు కొట్టించేద్దామా అంటే ఎన్నని కొట్టిస్తారు? కిలోమీటరున్నర లెక్క పైనే చెప్పాను.

పరీక్ష అంటే చర్మం మీద రకరకాల పుప్పొళ్ళ చుక్కలు వేసి సూదితో గిల్లి చూస్తారు. పావుగంటలో దద్దురు లేచినది మీకు పడనిది. బరంపురం, విశాఖ లాంటి చోట్ల వాకబు చేయండి. సెట్రిజిన్ లాంటి మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపాలి, ఎన్ని రోజులో వాళ్ళనే అడగండి. లేకపోతే అంత దూరం వెళ్ళి దద్దురు లేవక తిరిగొస్తారు, అదొక కొత్త సాక్ష్యమవుతుంది ఇంట్లో. ఏది పడదో తెలిశాక దాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే వైద్యం ఉంది. మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది, డబ్బూ ఓపికా కావాలి, ఉబ్బసం అదుపులో ఉంటేనే మొదలెడతారు. చేస్తే జబ్బు మూలానికే కొంత తగ్గుతుంది. కొట్టు మీద ఆధారపడ్డ ఇల్లు కాబట్టి మొదటి సంవత్సరమే దానికి పోవాలని నేను అనను.

ఇంజెక్షన్ గురించి. ఒక్క సూదితో నెల రోజులు తగ్గిందంటే అది చాలావరకు స్టెరాయిడే అయి ఉంటుంది. పేరు రాసిన చీటీ అడిగి పుచ్చుకోండి. అది ఒళ్ళంతా తిరుగుతుంది. ఏటేటా పడితే షుగర్, బీపీ, ఎముకల మీద దెబ్బ. మీ అమ్మగారికి షుగర్ ఉందని రాశారు, మీరు మరీ జాగ్రత్తగా ఉండాలి. దానికి బదులు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేలున్నాయి, ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటివి. స్టెరాయిడ్ అన్న పేరు ఒకటే గానీ మోతాదు చాలా తక్కువ, ఒంట్లోకి పోయేది అతి స్వల్పం. ఇబ్బంది ఏమిటంటే ఇది కొట్టగానే పనిచేయదు. చాలామంది రెండ్రోజులు వాడి మూల పడేసేది అందుకే. పూతకు వారం, రెండు వారాల ముందు మొదలుపెట్టి, తుమ్ములు లేని రోజు కూడా మానకుండా కొట్టుకోవాలి. తల కాస్త కిందికి వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మధ్య గోడకు తగలకుండా. మత్తు లేని మాత్రలు కూడా ఉన్నాయి, ఫెక్సోఫెనడిన్ లాంటివి, సెట్రిజిన్‌తో లేవలేకపోతున్నానని డాక్టరుకు చెబితే మారుస్తారు. దిబ్బడ విడవడానికి షాపుల్లో అమ్మే చుక్కల మందు మాత్రం మూడు నాలుగు రోజులు మించి వద్దు, ఆపగానే దిబ్బడ రెట్టింపు అవుతుంది.

భీమిలి వెళ్ళడం పనిచేస్తుంది. అందులో అనుమానం లేదు. అయితే ఆ రెండు నెలలూ పిల్లల ఏడాది పరీక్షల రోజులు, ఒడియా మీడియం చదువు. మీరు లేని ఇంట్లో ఆ మాట రోజూ నలుగుతుంది. పూర్తిగా వెళ్ళిపోవడానికీ అసలు వెళ్ళకపోవడానికీ మధ్య ఒకటుంది: బాధ బాగా ముదిరిన వారం పది రోజులు. అది ఏ వారమో ముందే కొంత పసిగట్టవచ్చు. వాన వెలిసి, ఎండలు పడి, పొడిగాలి మొదలైందంటే బ్యాగు సర్దుకోవడమే. ఒకవేళ మందులతో అదుపులోకి వస్తే భీమిలికి సరదాగానే వెళ్ళవచ్చు.

ఇంటి పనుల్లో మార్పు చేసుకోగలిగితే అన్నిటికన్నా చౌక. కళ్ళాపి, ముగ్గు, వాకిలి ఊడ్చడం మంచు ఆరకముందు మీరు తీసుకోండి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బయటి పనులు తోడికోడలికి, ఆ వేళ వంటిల్లు మీకు. నేను చేయలేను అని కాకుండా, పొద్దున్నే లేచే పని నాది అని అడగండి. మాఘమాసం చలిలో ఐదింటికి లేవడం ఎవరికి మాత్రం ఇష్టం? ఆమె ఒప్పుకునే అవకాశమే ఎక్కువ. సెట్రిజిన్ మత్తు పోతే మీరూ లేవగలరు. బట్టలు ఆ రెండు నెలలూ ఎండ పడే వరండాలో తీగ కట్టి ఆరేయండి, కనీసం దుప్పట్లూ తలగడ గలేబులూ అయినా. సాయంత్రం పని ముగిశాక తల మీద నీళ్ళు పోసుకోవడం కుదరకపోతే తడిగుడ్డతో జుట్టు తుడుచుకోండి. పొడి చీపురు బదులు తడిగుడ్డ. బయటికెళ్తే మాస్కు, పుప్పొడికి మామూలుది కూడా చాలావరకు పనిచేస్తుంది.

మనసులోనే ఉందా అన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పటికే వచ్చేసింది అనుకుంటాను. ఇంట్లోవాళ్ళకు మాత్రం నా జవాబు చూపించి గెలవాలని చూడకండి. ఎదురుగా ఉన్న గోడ క్యాలెండర్ చాలు. మీ అమ్మాయికి ఎలాగూ తుమ్ములు లెక్కపెట్టే సరదా ఉంది. ప్రతి రోజు గడిలో మూడు ముక్కలు రాయమనండి: మంచు ఎప్పుడు ఆరింది, గాలి ఉందా, వాన పడిందా. కింద తుమ్ముల లెక్క. తడి రోజుల్లో సున్నాలు, ఆరిన రోజుల్లో ఇరవైలు ముప్పైలు వరసగా కనబడుతుంటే అత్తగారు అడుగుతారు, ఇదేటి అని. మీవారు డాక్టరు దగ్గరికి అదే పట్టుకెళ్ళవచ్చు.

అత్తగారితో మాట కలపడానికి నాకో దారి కనిపిస్తోంది. మామిడి ఊసు ఎత్తకండి. ఇప్పుడు కార్తీకం కదా, కాలవ గట్టు మీదికో గుడికో వెళ్ళినప్పుడు నెమలినార ఏదో చూపించమని ఆవిడనే అడగండి. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్నారు, ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో మనకన్నా ఆవిడకే బాగా తెలుసు. పుష్యంలో అది మోడయిన రోజు చెప్పమని ఆవిడ మీదే పెట్టండి. ఆ తేదీ క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి ఉంచండి, వచ్చే ఏడు స్ప్రే ఎప్పుడు మొదలుపెట్టాలో లెక్క వేయడానికి డాక్టరుకు అది కావాలి. ఈ ఏడుకు మాత్రం ఆ తేదీ కోసం ఆగకుండా, ధనుర్మాసం వెళ్ళేలోపే డాక్టరును కలిసి రండి.